ఆకుకి రేటుంది, కుట్టుకి లేదు

సంకీర్ణ ప్రభుత్వాన్ని ఎద్దేవా చెయ్యాలనుకున్నప్పుడల్లా మన పత్రికలకీ నాయకులకీ చేతికందే మాట ఒకటుంది: అతుకుల బొంత. 1989లో నేషనల్ ఫ్రంట్ వచ్చినప్పుడు విన్నాం. 1996లో యునైటెడ్ ఫ్రంట్ వచ్చినప్పుడు విన్నాం. ఇప్పటికీ వింటూనే ఉన్నాం. పొసగనివాటిని తెచ్చి కలిపారు, ఎప్పుడు విడిపోతుందో తెలియదు అని ఆ మాటకి అర్థం. దాన్ని వాడే పెద్దమనుషుల్లో ఒక్కరైనా జన్మలో బొంత కుట్టి ఉండరని నా గట్టి నమ్మకం. కుట్టినవాళ్లని అడిగితే చెబుతారు, చీర చిరుగుతుంది గానీ బొంత అంత తొందరగా విడిపోదని. చిరిగిన చీరలే ఒకదాన్నొకటి పట్టుకుని ఇంకో పదేళ్లు పనికొస్తాయి. అయినా ఆడవాళ్ల చేతిపని మన భాషలో తిట్టుగా మారడం ఇది మొదటిసారీ కాదు, ఆఖరిసారీ కాదు.

కొంతకాలంగా నేను పాల్వంచలోనూ చుట్టుపక్కల బస్తీల్లోనూ స్త్రీలు ఇంటిపట్టున చేసే పనుల గురించి తెలుసుకుంటున్నాను. పాల్వంచ అంటే పరిశ్రమల ఊరు. 1960ల నుంచీ థర్మల్ స్టేషన్ ఉంది. తర్వాత స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకవైపు కిన్నెరసాని, దాని అవతల అడవి, కోయగూడేలు. ఇటు పన్నెండు కిలోమీటర్లు పోతే కొత్తగూడెం, సింగరేణి బొగ్గు గనులు. ఇలాంటి చోట 'పని' అన్న మాటకి అర్థం చాలా స్పష్టంగా ఉంటుంది. గేటు ఉండాలి, షిఫ్టు ఉండాలి, చేతిలో పాసు ఉండాలి. కాంట్రాక్టు కార్మికుడికి ఇవేవీ గట్టిగా లేకపోయినా, అతను పనికి పోయాడనే అంటారు. అదే ఇంట్లో నేల మీద బొంత పరుచుకుని కుట్టుకుంటున్న అతని భార్యని "ఏం పని చేస్తున్నారమ్మా?" అని అడగండి. "పనేముంది మేడం, ఊరికే కూసోలేక కుట్టుకుంటున్న" అంటుంది. ఈ జవాబు నేను లెక్కలేనన్ని ఇళ్లలో విన్నాను.

ఈ 'ఊరికే' ఎంతో ఒకసారి లెక్క వేద్దాం.

బొంత పని దసరాకి ఇల్లు దులపడంతో మొదలవుతుంది. పెట్టెల్లోంచి, దండేల మీది నుంచి పాత చీరలూ పంచెలూ బయటికొస్తాయి. బతుకమ్మ పూలు ఇంటికి రాకముందే ఇవి ఉతికి ఆరేసి ఉంటాయి. కార్తీకం చలికి బొంత కావాలి కదా. బాగా నలిగిన చీరలు లోపలి పొరలకి, కాస్త గట్టిగా ఉన్నవి పైకీ కిందికీ. అంచులు కత్తిరించి విడిగా పెడతారు, చివర్లో చుట్టూ కుట్టడానికి. మిగిలిన పేలికలు, దర్జీ దగ్గర అడిగి తెచ్చుకున్న జాకెట్టు ముక్కలు పైపొరలో చిరుగుల మీద అతుకులవుతాయి. పొరలన్నీ నేల మీద ముడత లేకుండా పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టి, ముందు పొడుగు పొడుగు పోగులు వేస్తారు. ఆ తర్వాత అసలు కుట్టు. ఒక చివర నుంచి వరసగా, వేలెడు సందు వదిలి ఇంకో వరస, మళ్లీ ఇంకోటి.

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బొంత తీసుకోండి. అంగుళానికి ఒక వరస చొప్పున 48 వరసలు. ఒక్కో వరస ఆరడుగులు. మొత్తం 288 అడుగుల కుట్టు, అంటే 3,456 అంగుళాలు. అంగుళానికి మూడు కుట్లు పడతాయనుకున్నా పదివేలు దాటుతుంది. పదివేల సార్లు సూది నాలుగైదు పొరల్లోంచి కిందికి దిగి పైకి రావాలి. చూపుడు వేలు చిల్లులు పడుతుంది, మెడ పట్టేస్తుంది, నలభై దాటిన కంటికి సూదిలో దారం ఎక్కించడమే ఒక గండం. ఇదంతా ఏకబిగిన జరిగేదీ కాదు. బియ్యం పొయ్యి మీద పడేసి పది వరసలు, పిల్ల బడి నుంచి వచ్చేలోపు ఇంకో ఐదు, కుళాయి వచ్చిందని లేచిపోవడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. పని ముక్కలు ముక్కలుగా ఉంటుంది కాబట్టి మొత్తం ఎంతో చేసేవాళ్లకే తెలియదు. చుట్టూ ఉన్నవాళ్లకి అస్సలు కనిపించదు.

ఈ మధ్య ఇంకో చిక్కు వచ్చిపడింది. 2017 నుంచి 2023 దాకా ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచింది. సిరిసిల్ల మరమగ్గాలకి పని దొరికింది, మంచిదే. కానీ అవి పాలిస్టరు చీరలు. బొంతలోకి వేస్తే పొర మీద పొర జారుతుంది, చెమట పీల్చదు, ఒంటికి హత్తుకోదు. పసిపిల్లల కింద వేసే చిన్న బొంతలకయితే ముసలమ్మలు వాటిని ముట్టుకోనే ముట్టుకోరు. నూలు చీర కొనలేని ఇంట్లో పాత నూలు చీర మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక ప్రభుత్వం ఈ పనిని ఏమని రాసుకుంటుందో చూద్దాం. జాతీయ నమూనా సర్వే వాళ్లు ఇంటింటికీ వచ్చి ఎవరెవరు ఏ పని చేస్తున్నారో కోడు నంబర్లు వేసుకుపోతారు. 92 అంటే ఇంటి పనులు మాత్రమే చేసుకునే మనిషి. 93 అంటే ఇంటి పనులతో పాటు ఇంటి వాడకం కోసం కట్టెలు, కూరగాయలు, పశువుల మేత ఏరుకొచ్చే మనిషి, కుట్టుపనో నేతపనో చేసే మనిషి. అంటే మన బొంత కుట్టే ఆవిడ ప్రభుత్వానికి తెలియక కాదు. ఆవిడ కోసం ప్రత్యేకంగా ఒక నంబరే ఉంది. ఆ నంబరు వేసి, ఆవిడని శ్రామికుల లెక్కలోంచి తీసేస్తారు. ఇప్పటి పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వేలోనూ ఇదే కోడు, ఇదే పద్ధతి. ఐక్యరాజ్యసమితి జాతీయాదాయ లెక్కల పద్ధతి ప్రకారం ఇంటి వాడకానికి తయారు చేసుకున్న వస్తువు ఉత్పత్తి కిందికే వస్తుంది. 2013లో జరిగిన 19వ అంతర్జాతీయ కార్మిక గణాంకవేత్తల సమావేశం సొంత వాడకానికి చేసే ఉత్పత్తిని కూడా పని అనే నిర్వచించింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే బొంత ఉత్పత్తే, బొంత కుట్టిన మనిషి మాత్రం శ్రామికురాలు కాదు. సోషియాలజీ చదువుకున్న నాకే ఈ తర్కం మింగుడు పడదు, బస్తీలో ఎవరికి చెప్పి ఒప్పించగలం?

1991 జనాభా లెక్కలప్పుడు స్త్రీల సంఘాలు ఒత్తిడి తేబట్టి పొలంలోనూ కుటుంబ వ్యాపారంలోనూ స్త్రీలు జీతం లేకుండా చేసే పనిని ప్రశ్నలోనే స్పష్టంగా చేర్చారు. ఆ పోరాటం అక్కడ ఆగిపోయింది. 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటి చాకిరీలో చెయ్యి పెట్టే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. పురుషులు, అదీ ఆ పని ముట్టుకునేవాళ్లు మాత్రమే, 88 నిమిషాలు. 2019లో అవి 299, 97. ఆడవాళ్లకి పది నిమిషాలు తగ్గితే మగవాళ్లు తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారన్నమాట. సమానత్వం అంటే ఇదేనేమో!

ఇంత వరకు ఇంటి కోసం కుట్టే బొంత సంగతి. నన్ను నిజంగా కలవరపెడుతున్నది దాని తర్వాతి దశ. ఆ చేతినైపుణ్యాన్నే తీసుకెళ్లి మార్కెట్‌లో పెట్టే దశ. అందులో మన సంఘాలకీ స్వచ్ఛంద సంస్థలకీ నేరుగా పాత్ర ఉంది.

పాల్వంచలో ఒక శిక్షణ కేంద్రానికి వెళ్లాను. పేరు అనవసరం, ఇలాంటివి ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి. ఇరవై మంది దాకా స్త్రీలు గుడ్డముక్కలతో పొడుగాటి పట్టీల్లాంటివి కుడుతున్నారు. భోజనాల బల్ల మీద మధ్యలో పరిచే అలంకరణ, టేబుల్ రన్నర్ అంటారట. మధ్యలో దూది పొర, పైన అతుకులు. వాటి మీద ఎరుపు, నారింజ, ఇటుక రంగు గుడ్డలతో కత్తిరించిన ఐదు కొనల ఆకులు. అవేం ఆకులని అడిగాను. "ఏమో మేడం, పేపరు మీద గీసిచ్చిన్రు, గట్లనే కోస్తున్నం" అంది ఒకామె. అవి మేపుల్ ఆకులు. అమెరికాలో, కెనడాలో శరత్కాలంలో అలా ఎర్రబడి రాలతాయి. ఆ కాలానికి అక్కడి ఇళ్లలో బల్లల మీదికి చేరాలి కాబట్టి ఇక్కడ ఎండాకాలం పోగానే కుట్టడం మొదలుపెట్టారు. కుట్టేవాళ్లలో భోజనాల బల్ల ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. ఆ మాటకొస్తే మన శరత్తులో ఆకులు రాలనే రాలవు. పాల్వంచ అడవికి ఆకురాలు కాలం మాఘ ఫాల్గుణాలు.

ఆకు సంగతి వచ్చింది కాబట్టి అక్కడే కాసేపు ఆగాలి. ఈ స్త్రీలకి ఆకు పని కొత్తది కాదు. ఎండాకాలంలో వీళ్లలో చాలామంది తునికాకు కోస్తారు. తెల్లవారకముందే అడవికి పోయి, ఎండ ముదిరేలోపు తిరిగొచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని కట్టలు కడతారు. కట్టకి 50 ఆకులు. వెయ్యి కట్టలయితే ఒక స్టాండర్డు బస్తా. సాయంత్రం కల్లానికి తీసుకెళితే కల్లేదారు లెక్క చూసి కార్డు మీద రాస్తాడు. కట్టకి ఇంత అని సీజను ముందే రేటు ప్రకటిస్తారు. ఆ రేటు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ఖమ్మం, వరంగల్లు, ఆదిలాబాదు అడవుల్లో ఏళ్ల తరబడి పోరాడితే వచ్చింది. పైసా పైసా పెంచుకుంటూ వచ్చారు. ఆకు వ్యాపారాన్ని నియంత్రించే చట్టం 1971లో వచ్చింది. అమ్మకాల మీద మిగిలిన ఆదాయంలోంచి కోసినవాళ్లకి బోనసు ఇవ్వాలన్న మాటా పోరాటం మీదే వచ్చింది. బోనసు ఏళ్ల తరబడి పెండింగులో పెడితే ధర్నాలు చేస్తారు. ఎందుకంటే అది తమకి రావలసిన డబ్బని అందరికీ తెలుసు. కల్లేదారు మోసం చేస్తే పదిమందీ పోగై నిలదీస్తారు.

అదే చేతులు, అదే ఆడవాళ్లు. అడవిలో ఆకు కోస్తే కట్టకి రేటుంది, కార్డుంది, అడిగే గొంతు ఉంది. గుడ్డ మీద ఆకు కోసి కుడితే ఏదీ లేదు. ముక్కకి ఎంత ఇస్తారని అడిగితే, "అమ్ముడయినంక చెప్తమన్నరు" అన్నారు. గుడ్డ ముక్కలు కేంద్రం ఇస్తుంది. సూది, దారం, కత్తెర పదును వీళ్లవి. మిషను కుట్టు ఇంట్లో వేస్తే కరెంటు బిల్లు వీళ్లది. ఆకు కొన వంకర పోయిందని వెనక్కి పంపితే విప్పి మళ్లీ కుట్టే శ్రమ కూడా వీళ్లదే. ఒకామె పక్కన గడియారం పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క రన్నర్‌కి కత్తిరించడం, అతకడం, ఆకులు కుట్టడం, అంచు తిప్పడం అన్నీ కలిపి తొమ్మిది గంటలు పట్టింది. నిర్వాహకురాలితో ఈ మాటంటే ఆవిడ నొచ్చుకుంది. "వాళ్లు ఖాళీగా ఉన్న టైములో చేసుకునేది కదండీ, కూలి లెక్కలు ఎందుకు? నేర్పిస్తున్నందుకు మేం ఫీజు కూడా తీసుకోవడం లేదు" అంది. ఆవిడ చెడ్డమనిషి కాదు. పొద్దున్నుంచీ ఆ కేంద్రం కోసం తిరుగుతుంది, తన జీతం కూడా సరిగ్గా రాదు. కానీ ఆ 'ఖాళీ టైము' అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి.

ఆ మాట మీద మన తెలుగునేల మీదే ఒక గొప్ప పరిశోధన జరిగింది. జర్మన్ స్త్రీవాద సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీల మధ్య పనిచేసి 1982లో పుస్తకం ప్రచురించింది. ఆ స్త్రీలు రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లేవాళ్లు. సరుకు విదేశాలకి పోయేది, వ్యాపారులు బాగుపడేవారు. అల్లినవాళ్లు మాత్రం లెక్కల్లో గృహిణులే. ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో చేసుకునే కాలక్షేపం అని అందరూ అన్నారు, చివరికి వాళ్లూ అదే నమ్మారు. ఈ నమ్మకం వల్లనే కూలి అంత తక్కువగా ఉండగలిగిందని, ఇది వెనకబాటుతనం కాదని, ప్రపంచ మార్కెట్ నడిచే పద్ధతే ఇదని మీస్ తేల్చి చెప్పింది. ఆవిడ 2023లో చనిపోయింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకి రక్షణ దొరికింది, సంతోషం. అల్లినవాళ్ల గంటలకి రక్షణ దొరికిందా అన్నది ఇంకా అడగాల్సిన ప్రశ్నే. పాల్వంచ శిక్షణ కేంద్రంలో నేను విన్నది నరసాపురం మాటే, నలభై ఏళ్ల తర్వాత, మంచి ఉద్దేశంతో.

ఇంట్లో చేసే పనికి చట్టం కుదరదనే వాదన ఒకటుంది. నాకది ఎప్పుడూ విడ్డూరంగా ఉంటుంది, అదీ తెలంగాణలో విన్నప్పుడు మరీను. ఆ తునికాకే నిజామాబాదుకో కరీంనగరుకో పోయి ఆడవాళ్ల ఒళ్లో చాటలో బీడీ అవుతుంది. వాళ్లూ ఇంట్లో కూర్చునే చేస్తారు, మధ్యలో అన్నం వండుకుంటారు, పిల్లలకి జడలేస్తారు. 1966లోనే వాళ్లకి చట్టం వచ్చింది. యజమానులు కోర్టుకెక్కితే 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. గుర్తింపు కార్డు, పీఎఫ్, తర్వాత పింఛను కూడా వచ్చాయి. అమలు అరకొరే, వెయ్యి బీడీల లెక్కలో కోతలు ఉన్నాయి, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నాయి. కానీ ఇంట్లో కూర్చున్న మనిషి కార్మికురాలే అన్న మాట మాత్రం స్థిరపడింది. ఇప్పుడా చట్టం 2020 నాటి కొత్త కోడులో కలిసిపోయింది. ఆ కోడులు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. అమల్లోకి వచ్చిన వేతనాల కోడు ప్రకారం కనీస వేతనాన్ని గంటల లెక్కనే కాదు, ముక్క లెక్కన కూడా నిర్ణయించవచ్చు. సామాజిక భద్రత కోడులో ఇంటి ఆధారిత కార్మికులు అన్న నిర్వచనమూ ఉంది. ఇంటి పనివారల మీద 1996లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒడంబడికని మాత్రం మన దేశం ఇప్పటిదాకా ఆమోదించలేదు.

గుడ్డముక్కల బొంతల మీదే పోరాటం జరిగిన చోటు కూడా ఉంది. అహ్మదాబాదులో మిల్లుల నుంచి వచ్చే చిందీ, అంటే పేలికలు, వ్యాపారులు కొని బస్తీ స్త్రీలకి ఇచ్చేవారు. వాళ్లు ఇళ్లలో మిషన్ల మీద బొంతలు కుట్టి ఇచ్చేవారు. ఎక్కువమంది ముస్లిం స్త్రీలు. 1970ల చివర ఇలా భట్ నాయకత్వంలోని సేవా సంఘం వాళ్లని కూడగట్టింది. ముక్కకి కూలి పెంచమని అడిగారు. వ్యాపారులు అడిగినవాళ్లకి పని ఆపేశారు, పాడు గుడ్డ ఇచ్చి వేధించారు. అప్పుడు వాళ్లే సొంతంగా సహకార సంఘం పెట్టుకుని మిల్లుల నుంచి చిందీ నేరుగా కొనుక్కునే దాకా వెళ్లారు. మొదటి రోజున వాళ్లు అడిగిన ప్రశ్న అందమైన డిజైను గురించి కాదు, ముక్కకి ఎంత అని.

అందం గురించి నాకు విరోధం లేదు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు చిరిగిన పని బట్టలతో కుట్టుకున్న బొంతల్ని 2002లో పెద్ద మ్యూజియంలో గోడలకి వేలాడదీసి గొప్ప కళ అన్నారు. నిజంగానే గొప్ప కళ. అయితే ఆ ప్రాంతపు స్త్రీలే 1966లో, పౌరహక్కుల పోరాటం నడుస్తున్నప్పుడు, ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారన్న సంగతి మ్యూజియం కంటే ముందుది. మనవాళ్లు గోడ దాకా పోవాలని తొందరపడతారు. సంఘం ఊసెత్తరు.

"రేటు రేటు అంటే ఆర్డరు పోతుంది మేడం, ఉన్నది కూడా పోతుంది" అని నాతో అన్నవాళ్లున్నారు, కుట్టే స్త్రీలలోనే. ఆ భయం అబద్ధం కాదు. అడిగిన ఊరిని వదిలి అడగని ఊరికి పోయే వెసులుబాటు వ్యాపారికి ఉంది. అందుకే ఇది ఒక్క కేంద్రం తేల్చుకోగలిగే విషయం కాదు. తునికాకు రేటు ఒక్క కల్లంలో పెరగలేదు, అడవంతా కలిసి అడిగితే పెరిగింది. పాల్వంచ, కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరుల్లో మహిళా సంఘాల కింద, స్వచ్ఛంద సంస్థల కింద ఇలాంటి కుట్టు కేంద్రాలు ఎన్ని నడుస్తున్నాయో ముందు మనమే కూర్చుని లెక్క తీయాలి. ప్రభుత్వ బడి పిల్లల యూనిఫారాల కుట్టు మహిళా సంఘాలకి అప్పగించినప్పుడు జతకి ఇంత అని బహిరంగంగా ప్రకటించారు. 2024లో దాన్ని కొంత పెంచారు. అది చాలదని అనుకోవచ్చు, ఇంకా పెంచమని అడగవచ్చు. అడగడానికి ఒక అంకె ఉంది. టేబుల్ రన్నర్‌కి ఆ అంకె కూడా లేదు. యంత్రాలు తుడిచే కాటన్ వేస్ట్‌కి సైతం ఫ్యాక్టరీలు కిలో లెక్కన ధర కట్టి కొంటాయి.

లెక్క కష్టమేమీ కాదు. ఒక ముక్కకి పట్టే గంటలు ముగ్గురు నలుగురు కుట్టి చూసి సరాసరి తీయాలి. కొత్తగా నేర్చుకున్న ఒకరు, చెయ్యి తిరిగిన ఒకరు అందులో ఉండాలి. రోజు కనీస వేతనాన్ని ఎనిమిదితో భాగించి ఆ గంటలతో గుణించాలి. దారం, కరెంటు, సూదుల ఖర్చు దాని మీద కలపాలి. వెనక్కి వచ్చిన ముక్క విప్పి కుట్టే గంటలు ఎవరి ఖాతాలో పడాలో ముందే రాసుకోవాలి. ఎవరెన్ని కుట్టారో తునికాకు కార్డు లాంటి కార్డు ఒకటి కుట్టినవాళ్ల చేతిలోనే ఉండాలి, కేంద్రం బీరువాలో కాదు. ఈ లెక్క వేశాక వచ్చే ధరకి కొనేవాళ్లు లేరంటే, ఆ శిక్షణకి బదులు ఇంకేదైనా చూడాలి. ఎవరూ కొనని ధరని ఆడవాళ్ల మెడనొప్పితో తగ్గించి అమ్మడం ఉపాధి కల్పన కిందికి రాదు.

మొన్న వేసవిలో ఆ కేంద్రంలోని ఏడుగురు ఇలాంటి లెక్క మొదలుపెట్టారు. ఒక పాత నోటుబుక్కులో తేదీ, మొదలుపెట్టిన టైము, ఆపిన టైము, మధ్యలో లేచిన కారణం రాసుకుంటున్నారు. కారణాల వరసలో నీళ్లు, అన్నం, అత్తకి మందు, గ్యాసు బండి, మీటింగు కనిపిస్తాయి. చదువు రాని ఇద్దరి తరఫున ఒకామె కూతురు రాస్తోంది, పదో తరగతి పిల్ల. వచ్చే ఆర్డరు ఒప్పుకునే ముందు ఆ నోటుబుక్కు బల్ల మీద పెట్టి మాట్లాడాలని వాళ్ల ఆలోచన. మీ ప్రాంతాల్లో కుట్టు, అల్లిక, అప్పడం, విస్తరాకు, అగరుబత్తి, ఏ పనికయినా ముక్క రేటు ఎంత ఇస్తున్నారో, ముక్కకి ఎన్ని గంటలు పడుతుందో రాసి ఈ పత్రికకి పంపండి. ఏడుగురి నోటుబుక్కు పక్కన పెట్టి చూడటానికి పనికొస్తుంది.